అంజమ్మ ఇంట్లో మాట్లాడిన ఇనుము

నన్ను మాచర్ల దగ్గరి మీడియం వేవ్ రిలే కేంద్రానికి అసిస్టెంట్ ఇంజినీరుగా వేసిన ఆర్డరు ఒక భాద్రపదంలో చేతికొచ్చింది. ఇప్పటికి పదిహేనేళ్ల పైమాటే. చెయ్యాల్సిన పని అందులో స్పష్టంగా రాశారు. పాత ట్రాన్స్‌మిటరు తీసేసి ఎక్కువ శక్తి ఉన్న కొత్తది నిలబెట్టాలి, మాస్ట్ చుట్టూ భూమిలో పాతిన రాగి తీగల వల మళ్ళీ వెయ్యాలి, కార్తీకం నాటికి పూర్తి పవరు మీద నడపాలి. ఆడమనిషిని ఒక్కదాన్నే ఆ రాళ్ళలోకి పంపుతున్నారేమిటని ఆఫీసులో ఒకరిద్దరు జాలిపడ్డారు. నేను నరసరావుపేటలో పుట్టి పెరిగినదాన్ని. పల్నాటి రాళ్ళు నాకు కొత్తా? వాళ్ళ జాలి వాళ్ళనే ఉంచుకోమని చెప్పి బస్సెక్కాను.

రిలే కేంద్రమంటే చాలామంది స్టూడియో అనుకుంటారు. మా దగ్గర మైకు లేదు, పాడేవాళ్ళు లేరు, వార్తలు చదివేవాళ్ళు లేరు. ప్రధాన కేంద్రం నుంచి కార్యక్రమం మాకు వస్తుంది, మేం దాన్ని మాస్ట్ ఎక్కించి చుట్టుపక్కల ఊళ్ళకి పంపుతాం. మాస్ట్ అంటే గాలిలో నిలబెట్టిన ఇనప స్తంభం. మనుషులం నలుగురైదుగురం. నేను, ఇద్దరు ఇంజినీరింగ్ అసిస్టెంట్లు, మస్తాన్ అనే సీనియర్ టెక్నీషియన్, గేటు దగ్గర కాపలా మనిషి. చుట్టూ పత్తి, మిరప, మధ్యమధ్య నాపరాళ్ళ గుట్టలు.

నాకు ఈ వృత్తి పుట్టుకతోనే అంటుకుంది. మా అబ్బాకి పేట బజారులో రేడియో రిపేరు దుకాణం ఉండేది. నా చిన్నప్పుడే ఆయన ఒక బల్లచెక్క మీద కరెంటు, బ్యాటరీ ఏవీ లేని రేడియో కట్టి చూపించాడు. ఒక పొడుగు తీగ, ఒక భూమి తీగ, మధ్యలో సీసపు ఖనిజం ముక్క. ఆ ముక్క మీద సన్న తీగ మొన ఆనిస్తే చెవి గొట్టంలో పాట వినిపించింది. రాయి పాడుతోందని నేను భయపడి మా అమ్మీ దగ్గరికి పరిగెత్తాను. రాయి పాడదు, వచ్చిపోయే కరెంటుని ఒక్క వైపే పోనిస్తుంది, దాంతో తరంగం మీద ఎక్కించిన గొంతు దిగి మన చెవిన పడుతుంది అని అబ్బా చెప్పాడు. మొదటి తరం శ్రోతలు రేడియో విన్నది ఇలాంటి రాళ్ళతోనే. ఆ తర్వాత వచ్చిన సెట్లలో తుప్పు పట్టించిన రాగి పలకలూ ఆ పనికి వాడారు.

ఇంకో సంగతి చెప్పాలి, ఈ కథకి అది అవసరం. వైర్‌లెస్ కొత్తగా వచ్చిన రోజుల్లో దాన్ని వాడేవాళ్ళకి ఒక పెద్ద బెంగ ఉండేది. ఓడలోంచి రేవుకి పంపిన కబురు మధ్యలో ఎవడైనా వినగలడు. తరంగానికి చిరునామా రాయడం కుదరదు. దాన్ని లోపమనుకుని, దాచే ఉపాయాల కోసం తల పట్టుకున్నారు. కొన్నాళ్ళకి, లోపమెందుకవుతుంది, అందరూ వినాలనే పంపితే సరిపోదా అన్నారు. ప్రజల కోసం ప్రసారం అన్న ఆలోచన అలా పుట్టింది. మీడియం వేవ్‌ని ఎంచుకోవడానికీ శాస్త్రమే కారణం. అది నేలని పట్టుకుని పాకుతుంది. తడి ఉన్న నల్లరేగడి మీద హాయిగా పోతుంది, సున్నపురాతి నేల మీద నీరసపడిపోతుంది. పల్నాడంతా సున్నపురాయి. అందుకే మాస్ట్ కింద మామూలు కన్నా ఎక్కువ రాగి పాతాల్సొచ్చింది. ఆ గోతులు తవ్వించడానికి నేను పెట్టిన కేకలు మాచర్లదాకా వినబడ్డాయని మస్తాన్ ఇప్పటికీ అంటాడు.

కొత్త ట్రాన్స్‌మిటరు పూర్తి పవరు మీదికి ఎక్కిన రోజు సాయంత్రం మస్తాన్ ఒక ట్యూబ్‌లైటు చేత్తో పట్టుకుని మాస్ట్ కంచె దగ్గరికి నడిచాడు. ఏ తీగా తగిలించకుండానే అది అతని చేతిలో తెల్లగా వెలిగింది. కొత్తవాళ్ళని భయపెట్టడానికి మా శాఖలో అందరూ చేసే తమాషాయే. కారణం తెలిసి కూడా ఆ వెలుగు చూస్తే ఒళ్ళు కాస్త జలదరిస్తుంది. మన చుట్టూ కంటికి కనబడనిది ఎంత నిండి ఉందో అప్పుడు తెలుస్తుంది.

వారం తిరక్కముందే గేటు దగ్గరికి శ్రీను వచ్చాడు. మా ప్రహరీకి ఆనుకుని ఉన్న పొలం వాళ్ళది, ఆ వెనకే ఇల్లు. అతని ఫిర్యాదు మేకల గురించి. నాపరాతి కూసాలకి ఇనప తీగ లాగి కంచె వేసుకున్నారు. దానికి మూతి తగిలితే మేకలు ఎగిరి పడుతున్నాయట. ఇది మాకు తెలిసిన వ్యవహారమే. ట్రాన్స్‌మిటరు దగ్గర పొడుగాటి తీగ ఏదున్నా దానిలోకి శక్తి వచ్చి కూర్చుంటుంది. నేలకి కలిపితే పోతుంది. తరంగం బలం కొలిచే ఫీల్డ్ స్ట్రెంత్ మీటరు పట్టుకుని అతనితో వెళ్ళాను.

తీగ వెంటే నడుచుకుంటూ పోతే అది వాళ్ళ ఇంటి దాకా వచ్చి, పంచ మీది రేకులకి బిగించి ఉంది. అక్కడ గొడ్లచావిడిలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పక్కన విడిగా కంచం, చెంబు. మూడేళ్ళ ఆడపిల్ల ఆమె దగ్గరికి రాబోతుంటే ఇంట్లోంచి ఒక ముసలామె వచ్చి రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. పిల్ల ఏడుస్తూనే ఉంది, ఆ అమ్మాయి తలెత్తలేదు. ఎవరని అడిగితే శ్రీను నేల చూపులు చూస్తూ, నా భార్య పద్మండీ, ఒంట్లో బాగాలేదు అన్నాడు.

బాగాలేని మనిషిని గొడ్లచావిడిలో కూర్చోబెడతారా? నా నోరు ఊరుకోదు. అడిగేశాను. జవాబు ముసలామె ఇచ్చింది. శ్రీను తల్లి అంజమ్మ.

"నీకెందుకు బూబమ్మా ఆ గోల? మేకల సంగతి చూసి పో. దానిమీదికి వీరుడొచ్చాడు. ఎల్లుండి దాని అన్న క్రోసూరు నుంచొచ్చి తీస్కపోతాడు. పిల్ల మా కాడే ఉంటది."

తీసుకుపోవడమంటే మళ్ళీ తీసుకురారని ఆమె గొంతులోనే ఉంది. పద్మ అప్పుడు తలెత్తి నావైపు చూసింది. అంత ఎండిపోయిన కళ్ళు నేను చూడలేదు.

పల్నాటి బయటివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఈ సీమలో కొన్ని వంశాలవాళ్ళు వీరుల ఆచారం పాటిస్తారు. పూర్వం జరిగిన పల్నాటి యుద్ధంలో పడిపోయిన వీరుడి ఆయుధం ఆ ఇంట్లో తరతరాలుగా ఉంటుంది. దాన్ని కొణతం అంటారు. ఇంట్లోవాళ్ళకి అది వస్తువు కాదు, వీరుడే. కార్తీకమాసంలో కారెంపూడి తిరునాళ్ళకి దాన్ని మోసుకెళ్ళి, కొలిచి, తిరిగి తెచ్చుకుంటారు. అంజమ్మ ఇంట్లో కొణతాన్ని మోసే హక్కు ఆమె భర్త కోటయ్యది. ఆయన అంతకు ముందటి ఏడు పోయాడు. మైలవల్ల ఆ ఏడు వీరుడు కదల్లేదు. ఇప్పుడు కొడుకు మొయ్యాలి, తిరునాళ్ళు దగ్గరికొచ్చాయి. ఆ సమయంలోనే పద్మ తెల్లవారుజామున దేవుడింట్లోంచి కేక పెట్టుకుంటూ బయటికొచ్చిందట. ఇనుము మాట్లాడుతోందట.

అసలు ఆమె ఆ గదిలో ఏం చేస్తోందన్నది అంజమ్మ కోపం. ఆ ఇంటి ఆచారంలో ఆడవాళ్ళు గది ఊడవొచ్చు, దీపం పెట్టొచ్చు, వీరుణ్ణి మాత్రం తాకకూడదు. పద్మ చేతిలో తోమే నిమ్మచెక్క దొరికింది. తాకిందన్నమాట. తాకింది గనకే వీరుడు ఆగ్రహించి ఆమెలోకి దిగాడు, ఆ మనిషి ఇంట్లో ఉండగా తిరునాళ్ళకి కదలడు. ఇదీ లెక్క. అంజమ్మా, శ్రీనూ గుమ్మంలో నిలబడి ఎన్ని పొద్దులు విన్నా వాళ్ళకేమీ వినబడలేదు. ఒక్క పద్మకే వినబడింది. తర్వాత రెండుసార్లు పరీక్షగా లోపలికి పంపితే రెండుసార్లూ వణుకుతూ బయటికొచ్చింది. చేతుల్లో చీమలు పాకుతున్నాయంది. పూనకానికి ఇంకేం రుజువు కావాలి?

నేను గుమ్మం దగ్గర చెవి పెట్టాను. చీకటి గది, నిమ్మకాయల పులుపు వాసన, దూలం నుంచి గొలుసుకి వేలాడుతున్న నల్లటి ఇనుము. ఏమీ వినబడలేదు. పిల్ల అలిసిపోయింది, అత్త పోరు పడలేక ఏదో భ్రమపడి ఉంటుందని ఒక్క నిమిషం నేనూ అనుకున్నాను. ఆ అనుకోవడం ఎంత తేలికో చూడండి.

గొడ్లచావిడి దగ్గరికి వెళ్ళి పద్మ పక్కన కూర్చున్నాను. ఎక్కడ నిలబడ్డావో, చేతులు ఎక్కడున్నాయో చెప్పమన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. అప్పటిదాకా ఆ ప్రశ్న ఆమెనెవరూ అడగలేదు.

"గది కడిగినాక, తడి నేల మీద మూల నిలబడి తోముతానక్కా. ఊగకుండా ఒక చేత్తో గొలుసు పట్టుకుంటా. అప్పుడే చేతిలో జుమ్మంటది, లోపల్నుంచి ఎవురో మూలిగినట్టు మాటలొస్తయ్యి. మాటలేందో తెలవ్వు. వదిలేస్తే ఆగిపోద్ది."

నా బుర్రలో దీపం వెలిగింది. వెలగ్గానే ముందు నామీద నాకే ఒళ్ళు మండింది. కంచె తీగ, రేకులు, దూలం, గొలుసు, అన్నీ ఇనుమే, అన్నీ కలిసి ఉన్నాయి. పెద్ద ఏరియల్. కొణతానికి పైన రాగి పట్టీ ఉంది. ఏళ్ళ తరబడి నిమ్మరసం, పసుపు, కుంకుమ తగిలి రాగికీ ఇనుముకీ మధ్య తుప్పు పొర కట్టింది. అది అబ్బా చూపించిన ఖనిజం ముక్క పనే చేస్తోంది. తక్కువైంది భూమి తీగ ఒక్కటే. తడి కాళ్ళతో నిలబడి గొలుసు పట్టుకున్న పద్మ ఒళ్ళే ఆ తీగ అయింది. పాత ట్రాన్స్‌మిటరుకి ఇంత బలం లేదు, కొత్తది వచ్చాకే మొదలైంది. వాళ్ళ ఇంట్లో రేడియో లేదు, టీవీ, ఫోన్లే. మీడియం వేవ్ ప్రసారం ఎలా ఉంటుందో పద్మ పుట్టి ఎరగదు.

అంజమ్మకి ఇదంతా చెప్పబోయాను. సగంలోనే ఆపేసింది. నేనే స్వయంగా పట్టుకుని చూస్తానంటే మాత్రం కాసేపు ఆలోచించి, "వీరుల్లో మీ సాయిబులూ ఉన్నార్లే. పొద్దున్నే తలంటుకోని రా. గొలుసే పట్టుకో, వీరుణ్ణి తాకబోకు" అంది. మా నానీ ఇంట్లో పీర్లు ఉండేవి. పెట్టెలోంచి తీసేటప్పుడు ఎలా ఒదిగి ఉండాలో నాకు చిన్నప్పుడే నేర్పారు. ఆ మర్యాద నాకు తెలుసని చెప్పాను.

మర్నాడు వెలుగు రాకముందే వెళ్ళాను. మంచు పడుతోంది. నాపరాతి నేల కడిగి ఉంది, పాదాల కింద చల్లగా కొట్టింది. మూల నిలబడి తడి చేత్తో గొలుసు పట్టుకున్నాను. కాసేపు ఏమీ లేదు. ఆపైన, మా కేంద్రంలో మస్తాన్ ప్రసారం ఎక్కించే సమయానికి, అరచేతిలో సన్నగా జివ్వుమంది. ఇనుము మొన ఆని ఉన్న ఇత్తడి పళ్ళెం వణకడం మొదలుపెట్టింది. వణుకులోంచి ఒక మూలుగు లేచింది. అది గొంతులాగే ఉంది, కానీ దానికి మనిషి లేడు. నా ముఖానికి జానెడు దూరంలో, చీకట్లో, ఆ ఇనుము ఊపిరి తీస్తూ ఏదో చెప్పాలని ప్రయత్నిస్తోంది. నాకు అంతా తెలుసు. తుప్పు తెలుసు, తీగ తెలుసు. అయినా చెయ్యి వదిలేసి పారిపోవాలనిపించింది. పట్టుకునే ఉండగా ఉండగా మూలుగు రాగమైంది. మా ప్రసారం మొదట్లో రోజూ వేసే వాద్యసంగీతం అది. సర్వీసంతా విన్నాను, గుర్తుపట్టడానికి అంతసేపు పట్టింది.

బయటికొచ్చి, నాకూ వినబడింది, అది మా కేంద్రం శబ్దమే అన్నాను. అంజమ్మ నన్ను ఎగాదిగా చూసి, "అయ్యో బూబమ్మా, నిన్నూ పట్టాడా" అంది. నువ్వూ ఒకసారి పట్టుకో పెద్దమ్మా అంటే, నా ఒంటిమీదికి రావాలనా అని రెండడుగులు వెనక్కేసింది. ముట్టుకున్నవాళ్ళకే వినబడినంత కాలం అది పూనకమే. ఇది నాకు అప్పుడు అర్థమైంది.

నిబంధన ప్రకారం చెయ్యాల్సింది సులభం. కంచె తీగని రేకుల నుంచి విడగొట్టి, నేలలో కడ్డీ దిగ్గొట్టి దానికి కలపాలి. శబ్దం పోతుంది, ఫిర్యాదు ముగుస్తుంది. మస్తాన్ పనిముట్ల సంచీతో వచ్చాడు కూడా. కానీ శబ్దం పోతే పద్మ మాట ఏమవుతుంది? వీరుడు శాంతించాడంటారు, పద్మ వెళ్ళాల్సిందే అంటారు. మాట్లాడిందని ఆమె చెప్పింది అబద్ధంగానో పిచ్చిగానో మిగిలిపోతుంది. అందుకని నేను నిబంధనకి ఎదురు వెళ్ళాను. దాన్ని ఆపకుండా పెంచాలనుకున్నాను.

అంజమ్మతో బేరం పెట్టాను. ఎవరూ తాకకుండా, గదిలో మనిషే లేకుండా, అందరికీ వినబడేలా చేస్తే పద్మది తప్పు కాదని ఒప్పుకుంటావా?

"అందరికీ ఇనబడితే అప్పుడు చూద్దాం. ఇనబళ్ళేదనుకో, నువ్వు మళ్ళా మా గడప తొక్కొద్దు" అంది.

మర్నాడు సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వెళ్ళాను. పద్మ అన్న అప్పటికే ఆటో తెచ్చి ఉన్నాడు. ఆటోలో ఒక సంచీ, ఒక చాప. పిల్ల ఆ సంచీ మీదెక్కి కూర్చుని దిగనని మొండికేసింది. ఇరుగుపొరుగు నలుగురైదుగురు పంచలో చేరారు. బోరు పైపుకి క్లాంపు బిగించి, పద్మ ఒంటికి బదులు దాన్నుంచి మంచి రాగి తీగ దేవుడింటిదాకా మస్తాన్ లాగాడు. ఇత్తడి పళ్ళేనికి తీగ చివర చుట్టాల్సింది శ్రీను, ఆ గదిలో చెయ్యి పెట్టే హక్కు అతనిదే. గబగబా చుట్టి, ఒక్క గెంతులో బయటపడ్డాడు.

పళ్ళెం ఘీంకరించింది. పంచలో ఉన్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు. ఒకావిడ "ఓరి నాయనో" అని పిల్లాణ్ణి చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తింది. మెల్లగా ఘీంకారం తేలికై, బొంగురు మాటలుగా విడిపోయింది. ఎవరో మగమనిషి ప్రశ్న అడుగుతున్నాడు. సాయంత్రం గ్రామీణ కార్యక్రమం. నేను గెలిచినట్టు అంజమ్మ వైపు తిరిగాను, ఇప్పుడు వినబడిందా పెద్దమ్మా అని అడగడానికి నోరు తెరిచాను.

ఆ ప్రశ్నకి ఇనుములోంచి జవాబొచ్చింది. దగ్గుతో మొదలై, ఈడ్చి ఈడ్చి మాట్లాడే ముసలి గొంతు. అంజమ్మ చేతిలోని దీపపు కుంది కింద పడింది. పద్మ గొడ్లచావిడిలోంచి లేచి నిలబడి, "మావయ్య" అంది.

అది కోటయ్య గొంతు. చనిపోయిన మనిషి గొంతు, ఆయన ఏళ్ళ తరబడి మోసిన ఇనుములోంచి, ఆయన ఇంటి చీకటి గదిలోంచి వస్తోంది. ఆ క్షణాన నా దగ్గర ఏ శాస్త్రమూ లేదు. కార్యక్రమాల పట్టిక ప్రధాన కేంద్రానిది, మేం ఏది వస్తే అది పంపుతాం, ఏం రాబోతోందో మాకు తెలియదు. నాకు ఆయన గొంతు కూడా తెలియదు. వాళ్ళ ముఖాలు చూసి తెలిసింది.

ఆయన కొణతం గురించి చెబుతున్నాడు. తన తాత దాన్ని ఎలా అప్పజెప్పాడో, కాలినడకన కారెంపూడి ఎలా వెళ్ళేవాళ్ళో చెప్పాడు. దాన్ని శుభ్రం ఎవరు చేస్తారని అవతలి మనిషి అడిగాడు. ఇనుము కాసేపు బుసకొట్టింది. ఆపైన మాటలు స్పష్టంగా వచ్చాయి.

"నా చేతులు వణుకుతున్నయ్యయ్యా. మా కోడలు తోముద్ది. నేనే తోమమన్నా. మా ఇంటిదానికి చెప్పలా, చెబితే ఊరుకోదు. వీరుడికి ఆడచెయ్యేంది, మగచెయ్యేంది? శ్రద్ధగా తోమే చెయ్యి కావాల గానీ."

అవతలి మనిషి నవ్వాడు, ఆయనా నవ్వాడు. పళ్ళెం ఆ నవ్వుకి గలగలమని కొట్టుకుంది.

అంజమ్మ గుమ్మం దాకా నడిచి వెళ్ళింది. లోపలి చీకటిని చూస్తూ, పక్కన నిలబడ్డ మనిషితో అన్నట్టు, "చెప్పాల్సింది గదయ్యా" అంది. పైట నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది. ఏడుపు ఆగాక పద్మని పిలిచి, నువ్వెందుకు చెప్పలేదే అని అడిగింది.

"చెప్పొద్దన్నాడత్తా మావయ్య. పోయిన మనిషి మీదికి నెట్టేసినట్టు ఉంటదని ఊరుకున్నా."

ఇంతలో కోటయ్య భాగం అయిపోయింది. ఇనుము పత్తిలో పురుగు మందు ఎప్పుడు కొట్టాలో చెప్పడం మొదలెట్టింది. కొత్త గొంతు, హుషారుగా ఉంది. అంజమ్మ కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది.

"ఇంక ఆపెయ్ బూబమ్మా. ఆయన మాట అయిపోయింది. ఆయన నోట్లోంచి ఎవుళ్ళో మాట్టాడతంటే నేను ఇనలేను."

శ్రీను తీగ విప్పాడు. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పద్మ అన్న ఆటో దగ్గర నిలబడే ఉన్నాడు, ఏం చెయ్యాలో తోచక. అంజమ్మ అతన్ని చూసి, "వచ్చినోడివి అన్నం తిని పో. నీ చెల్లెలు రాదు" అంది. పిల్లని సంచీ మీద నుంచి ఎత్తి తనే తీసుకొచ్చి పద్మ చేతికిచ్చింది. క్షమించమని అనలేదు. ఆ వయసులో ఆమె అలా అనే మనిషి కాదు. తిరునాళ్ళకి కొణతం బయల్దేరే ముందు రోజు పద్మ పంచలో, నలుగురూ చూస్తుండగా కూర్చుని తోమిందని, పక్కన కూర్చుని నిమ్మచెక్కలు అందించింది అంజమ్మేనని మస్తాన్ చెప్పాడు.

ఆ రాత్రి క్వార్టర్సుకి వచ్చి ప్రధాన కేంద్రం డ్యూటీ ఆఫీసరుకి ఫోన్ చేశాను. ఆయనకి ఇందులో వింతేమీ కనబడలేదు. కార్తీకంలో వీరుల తిరునాళ్ళు వస్తాయి కదా అని పాత రికార్డింగుల్లోంచి ఒకటి తీసి వేశారు. కొన్నేళ్ళ కిందట కారెంపూడిలో తమ మనిషి రికార్డు చేసింది. అందులో మాట్లాడిన ముసలాయన బతికున్నాడో లేదో ఎవరూ కనుక్కోలేదు. అన్నిటికీ కారణం దొరికింది. రికార్డింగుకి కారణం ఉంది, ఆ వారానికే వెయ్యడానికి కారణం ఉంది, ఇనుము మాట్లాడటానికి కారణం ఉంది. అన్నీ ఆ ఒక్క సాయంత్రం ఆ ఒక్క గదిలో కలవడానికి ఏం కారణమో నాకు తెలియదు, తెలుసని ఎవరితోనూ అనలేదు. ఆ రాత్రి గదిలో ఉన్న నా రేడియో పెట్టలేదు. భయం వేసింది, అంతే.

మర్నాడు కంచె తీగ విడగొట్టి కడ్డీకి కలిపాం. కొణతాన్ని గొలుసు నుంచి దించి చెక్క పీట మీద నిలబెట్టుకోమని చెప్పాను, అలాగే చేశారు. మేకల బాధ కూడా తీరింది. ఫిర్యాదు కాగితం మీద కారణం రాయాల్సిన చోట తుప్పు పట్టిన అతుకు అని రాసి పంపాను.

తర్వాత నా సర్వీసులో ఇలాంటివి చాలా చూశాను. పంటి సిమెంటు పాడుతోందన్న టీచరు, బీరువా ఏడుస్తోందన్న గుమాస్తా, పొయ్యి మీద పెనం వార్తలు చదువుతోందన్న ముసలమ్మ. సగం మందిని ఇంట్లోవాళ్ళే నమ్మలేదు. ఒక్కరికి వినబడితే పిచ్చి అంటారు, పదిమందికి వినబడితే ప్రసారం అంటారు. రెండిటికీ మధ్య తేడా చాలాసార్లు ఒక మూర తీగే. మేం పటాల మీద రంగులు వేసి ఇక్కడిదాకా మా గొంతు చేరుతుందని గీతలు గీసేవాళ్ళం. ఆ గీతల్లోపల తడి కాళ్ళతో నిలబడ్డ మనిషి ఒకరుంటారని మా పటం చెప్పదు. అందుకే, నాకేదో వినబడుతోందని ఎవరైనా వస్తే, అది నిజమేనా అని నేను అడగడం మానేశాను. ఎక్కడ నిలబడితే వినబడిందో చూపించమని అడిగి, అక్కడికి వెళ్ళి నేనూ నిలబడ్డాను.